పంతొమ్మిదో తారీకు గడువు

వెర్నెల్ బ్రూసార్డ్ రెండు వేళ్ళతోనే టైపు చేస్తుంది. వృద్ధుల హోమ్ లాండ్రీలో రోలరు మీంచి పొగలు కక్కుతూ దిగే దుప్పట్లని అంచుకి అంచు కలిపి, కళ్ళు మూసుకుని మడతపెట్టగలిగిన మనిషి, పోర్ట్ ఆర్థర్ లైబ్రరీలో కంప్యూటరు ముందు కూర్చుంటే మాత్రం ఒక్కో అక్షరానికీ తడుముకోవాల్సిందే. పైగా ఇవాళ బుధవారం. సాయంత్రం కాగానే లైబ్రరీ మూసేస్తారు, రేపు తెరవరు. రేపటితో గడువు అయిపోతుంది.

గడువంటే అలాంటిలాంటి గడువు కాదు. ఆమె వేసిన దావాను కొట్టేయవచ్చని మెజిస్ట్రేట్ జడ్జి పై జడ్జికి సిఫారసు చేశాడు. దాని మీద చెప్పుకోవలసింది ఏమన్నా ఉంటే రెండు వారాల్లో రాసి ఇవ్వాలి. ఇవ్వలేదా, అంతే సంగతులు. హోమ్ వాళ్ళు తనని అన్యాయంగా గెంటేశారని ఇక ఏ కోర్టులోనూ చెప్పుకోవడానికి ఉండదు. లాయరు కోసం ముగ్గురి దగ్గరికి తిరిగింది. ముగ్గురూ ఎంతో మర్యాదగా తలుపు దాకా సాగనంపారు. అందుకని తన కేసు తానే రాసుకుంటోంది. రాసిన ప్రతి వాక్యం తప్పేమోనని భయం, తీసేసిన ప్రతి వాక్యం ఉండాల్సిందేమోనని అంతకంటే భయం.

అన్న ఆల్సీడ్ లోపలికొచ్చాడు. డెబ్బై దాటిన మనిషి, రిఫైనరీలో ఒళ్ళు హూనం చేసుకుని రిటైరైనా నడకలో జోరు తగ్గలేదు. ఆయనతో పాటు కట్టెపొగ వాసన కూడా వచ్చింది. రేపటి మాంసానికి ఇప్పుడే పొయ్యి రాజేశాడన్నమాట.

"ఏమే వెర్నీ, ఇంకా అవలేదా? టీ కేకుల పిండి నువ్వు కలుపుతావా, తనే కలుపుకోవాలా అని మీ వదిన అడుగుతోంది."

"రేపు నన్ను లెక్కలో వేసుకోవద్దని చెప్పు."

"పండగ పూట ఏం మాటే అది!"

"గొంతు తగ్గించు అన్నయ్యా. ఇది లైబ్రరీ, నీ పొయ్యి దగ్గర కాదు."

ఆల్సీడ్ గొంతు తగ్గించాడు. అంటే ఇప్పుడు లైబ్రరీలో సగంమందికే వినపడుతోంది. చెల్లెలి భుజం మీదుగా తెర మీదికి వంగాడు. "ఆ ముక్క రాయలేదు కదా?"

"ఏ ముక్క?"

"తెలీనట్టు అడక్కు. జూన్‌టీన్త్."

"రాయలేదులే. ‘కుటుంబ కార్యక్రమం కోసం షిఫ్టు మార్చుకున్నాను’ అని రాశాను."

"అదీ తెలివంటే. ఆ పేరు కనపడగానే ఏ జడ్జికైనా ఏమనిపిస్తుంది? వీళ్ళ పండగ గోల మళ్ళీ మొదలైంది అనుకుంటాడు. నెత్తిన పెట్టుకుని ఊరేగించకూడదే అలాంటివి."

వెర్నెల్ వేళ్ళు ఆగాయి. "మొదట వేసిన కాగితంలో ‘వ్యక్తిగత కారణం’ అని రాయించింది కూడా నువ్వే. దాన్ని పట్టుకునే కదా ఆ మెజిస్ట్రేటు ‘ఈవిడ నల్లజాతి మనిషి కాబట్టి ఉద్యోగం తీశారనడానికి ఇందులో ఒక్క ముక్కా లేదు’ అన్నాడు."

"అంటే కొంప ముంచింది నేనంటావా?"

"ఎవరన్నారు? నన్ను రాసుకోనీ."

ఆల్సీడ్ పక్క కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కాసేపు మోకాళ్ళు రుద్దుకున్నాడు. "అయినా రేపు సెలవు కదే. జూన్ పంతొమ్మిది, బానిసత్వం పోయిందన్న కబురు మన టెక్సాస్‌కి చేరిన రోజని అందరికీ తెలుసు. దేశం మొత్తానికి సెలవిచ్చామని వాషింగ్టన్‌లో సంతకం పెట్టారు, టీవీలో చూశాం. కోర్టు మాత్రం ఎందుకు తీస్తారు?"

వెర్నెల్ సంచిలోంచి లావుపాటి పుస్తకం తీసింది. సివిల్ కేసులకి ఫెడరల్ కోర్టు పాటించే నియమాలు. లైబ్రరీదే, అట్ట చిరిగిపోతే ఎవరో టేపు అంటించారు. గడువులు లెక్కపెట్టే పేజీ తీసి సెలవుల పేర్ల మీద వేలు జరిపింది. మే నెల చివరి సోమవారం ఉంది, జూలై నాలుగు ఉంది. మధ్యలో ఏమీ లేదు. "చివరి రోజు సెలవైతే గడువు మర్నాటికి జరుగుతుందట. కానీ ఈ పేర్లలో ఉన్న సెలవైతేనే. మనది ఉందా? చూడు."

"టీవీలో..."

"పోయినసారి కూడా టీవీ చూసే సెలవనుకున్నాను. ‘వాషింగ్టన్‌లో సంతకం పెడితే అది వాషింగ్టన్ వాళ్ళ సెలవు, మాది ప్రైవేటు సంస్థ’ అంది మా హోమ్ మేనేజరు మిసెస్ హాల్‌బ్రుక్. షిఫ్టు మార్చుకోవడానికి నాతో పనిచేసే డార్లీన్ ఒప్పుకుని బోర్డు మీద పేరు రాస్తే, దాన్నీ కొట్టేసింది. జింకల వేట మొదలయ్యే రోజుకి మరమ్మతులు చేసే తెల్లవాళ్ళు ఎంతమంది మార్చుకున్నా ఏనాడూ ఒక్క పేరు కొట్టేయలేదు. నేను పార్కుకెళ్ళి వచ్చేసరికి నా సామాను అట్టపెట్టెలో పెట్టి ఉంది. ఒకసారి నమ్మి ఉద్యోగం పోగొట్టుకున్నా. ఈసారి నమ్మి కేసు కూడా పోగొట్టుకోమంటావా?"

ఆమె మళ్ళీ తెర వైపు తిరిగింది. జింకల వేట సంగతి రాసింది, డార్లీన్ సంగతి రాసింది. ఆ రోజు పేరు రావలసిన ప్రతిచోటా పక్కకి తప్పుకుని ‘కుటుంబ కార్యక్రమం’ అని రాసింది. చదువుకుంటే నున్నగా, మర్యాదగానే ఉంది. ఎందుకో తృప్తిగా లేదు. తృప్తి సంగతి తర్వాత, ముందు ప్రింటు కావాలి.

ప్రింటరు దగ్గర ఇంకో గొడవ. మూడో పేజీ సగం వచ్చి ఆగిపోయింది. లైబ్రరీ అమ్మాయి మూత తెరిచి, నలిగిన కాగితం లాగి, మళ్ళీ మూసేసరికి దీపాలు ఒక్కొక్కటే ఆర్పేస్తున్నారు. ఆఖరి పేజీ బయటికొచ్చాక వెర్నెల్ కాగితాలని బల్ల మీద తట్టి, అంచులు కలిపి, కవర్లో పెట్టింది. బోమాంట్‌లో కోర్టు కౌంటరు ఈపాటికి మూసేసి ఉంటారు. ఇక రేపు పొద్దున్నే.

"తాడో పేడో రేపు తేలిపోతుంది" అంది.

"తేలాక పార్కుకి రా. నీ వాటా దాచిపెడతాను" అన్నాడు ఆల్సీడ్.

---

గురువారం పొద్దున బోమాంట్ దారి ఖాళీగా ఉంది. రిఫైనరీ చిమ్నీల మంటలు తప్ప ఎక్కడా కదలిక లేదు. ట్రాఫిక్ లేకపోవడం తన అదృష్టమే అనుకుంది వెర్నెల్. కారులో ఏసీ పాడై చాలా కాలమైంది. కిటికీలోంచి ఉప్పుగాలి, దోమలు కలిసే వస్తున్నాయి. కవరు పక్క సీటులో ఉంది. మలుపు వచ్చినప్పుడల్లా అది జారుతుందేమోనని చెయ్యి అడ్డం పెడుతోంది.

కోర్టు ముందు కారు పెట్టుకోవడానికి ఎంత చోటు కావాలంటే అంత చోటు. అప్పుడు మొదటిసారి అనుమానం వచ్చింది. మెట్లెక్కి అద్దాల తలుపు లాగింది. రాలేదు. తోసింది. రాలేదు. తోయాలో లాగాలో తెలియక పొరబడ్డానేమోనని రెండూ మళ్ళీ చేసింది.

లోపల చీకటిగా ఉంది. అద్దానికి లోపలివైపు నుంచి కాగితం అంటించి ఉంది. ‘మూసివేయడమైనది’ అని పైన పెద్దక్షరాలు. ఆ కింద ఇంకా ఏదో రాసి ఉంది కానీ కళ్ళు దాని మీద నిలవలేదు.

"ఎవరన్నా ఉన్నారా?" అని అద్దం మీద కొట్టింది.

భవనం మూల తిరిగి ఒక గార్డు వచ్చాడు. చేతిలో కాఫీ, వయసులో ఆమెకంటే చిన్నవాడు. "ఇవాళ ఎవరూ ఉండరమ్మా. రేపు రండి."

"రేపు లాభం లేదు నాయనా. ఇవాళే ఆఖరు. ఈ కవరు లోపల పెడితే చాలు. తలుపు కింద సందులోంచి తోసేస్తాను, నువ్వు చూడనట్టు అటు తిరుగు."

అతను నవ్వబోయి, ఆమె మొహం చూసి మానేశాడు. "నాకా అధికారం లేదమ్మా. కాగితాల విషయం నాకేం తెలీదు, నేను తలుపు చూసుకునేవాణ్ణి. మీరు ఈ ఎండలో నిలబడకండి, కాసిని మంచినీళ్ళు తాగుతారా?"

"నీళ్ళు కాదు నాయనా నాకు కావాల్సింది."

ఆమె కవరుని తలుపు కింద సందు దగ్గర పెట్టి చూసింది. సందు చాలదు. అతను ఆపలేదు, అలాగని సాయమూ చేయలేదు. పాపం, ఏం చేస్తాడు? వెర్నెల్ మెట్ల మీద కూర్చుండిపోయింది. పుస్తకంలో సెలవు లేనప్పుడు తలుపుకి తాళమెందుకు పడింది? తలుపు మూసుకున్నంత మాత్రాన పుస్తకంలో గడువు ఆగుతుందా? ఆగదు. వాళ్ళ తప్పయినా మన నెత్తినే పడుతుంది, హోమ్‌లో అన్నేళ్ళు చూసింది అదే. నిన్న ఆ ప్రింటరు ఇరుక్కోకుండా ఉంటే! ‘కుటుంబ కార్యక్రమం’ అన్న ముక్క కోసం గంటసేపు తన్నుకోకుండా ఉంటే! ఏడుపు కూడా రాలేదు.

---

పార్కులో పండగ సందడి మొదలైపోయింది. ఆల్సీడ్ రెండు ఇనప పీపాలు అడ్డంగా కోయించి చేసుకున్న పొయ్యి ముందు నిలబడి పెద్ద పటకారుతో పక్కటెముకల మాంసం తిప్పుతున్నాడు. వెల్లుల్లి దట్టించిన సాసేజీలు చిటపటమంటున్నాయి. గాజు జాడీల్లో ఎర్ర షర్బతు, అరటిచెట్టంత ఎత్తు స్పీకర్లు, పిల్లల అరుపులు. ఆయన భార్య జెనోబియా బల్ల మీద ఈగల్ని తోలుతూ ఆడబిడ్డ మొహం చూసి చేతిలో విసనకర్ర పక్కన పెట్టింది.

"ఏమైందే? ఎవరికేమైంది?"

"తాళం వేశారు వదినా. తలుపులకి తాళం వేశారు. నా కేసు పోయింది."

ఆ మాట పైకి అన్నాక అప్పుడు వచ్చింది ఏడుపు. జెనోబియా ఆమెని బెంచీ మీద కూర్చోబెట్టి వీపు నిమిరింది. ఆల్సీడ్ పటకారు పట్టుకునే వచ్చాడు.

"తాళమా? కోర్టుకా?"

"ఆ."

"తలుపు మీద ఏమన్నా రాసి పెట్టారా?"

"మూసేశామని."

"ఎందుకనిట?"

"ఎందుకైతే నాకెందుకు అన్నయ్యా! ఏదో మరమ్మతో, కరెంటు పోయిందో."

"కాదే, కారణం రాసే ఉంటారు. ఊరికే మూయరు వాళ్ళు." ఆయన గొంతులో ఏదో తేడా. "పద."

"ఎక్కడికి?"

"బోమాంటుకి. నా కళ్ళతో చదవాలి."

"నీకేమన్నా పిచ్చా? పొయ్యి మీద మాంసం వదిలేసి వెళ్తావా?" అంది జెనోబియా. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆల్సీడ్ మాంసాన్ని మరొకరికి అప్పగించడం ఆమె చూడలేదు. ఇవాళ పటకారు పక్కింటి మనిషి చేతిలో పెట్టి, ఏప్రన్ విప్పకుండానే ట్రక్కు ఎక్కాడు. ఆడవాళ్ళిద్దరూ ఎక్కక తప్పలేదు. వెర్నెల్ ఒళ్ళో కవరు ఉంది. దాన్ని ఎందుకు మోస్తోందో ఆమెకే తెలీదు.

ఆల్సీడ్ మెట్లెక్కి, కళ్ళజోడు పెట్టుకుని, అద్దానికి మొహం ఆనించినంత దగ్గరగా నిలబడ్డాడు. పెదాలు కదుపుతూ చదివాడు. తర్వాత పైకి చదివాడు. "‘జూన్‌టీన్త్ జాతీయ స్వాతంత్ర్య దినోత్సవం సందర్భంగా’." ఆగాడు. మళ్ళీ అదే చదివాడు.

"పేరు పెట్టి రాశారే. పూర్తి పేరు" అన్నాడు.

జెనోబియా అప్పటికే ఫోను తీసి కోర్టు వాళ్ళ పేజీ తెరిచింది. ఆసుపత్రి బిల్లుల ఆఫీసులో చేసినావిడ, గబగబా వెతకడం అలవాటే. "వెర్నెల్, నువ్వు చూసిన పుస్తకం ఏ కాలందే? ఇదిగో, నియమాల్లో సెలవుల జాబితా మార్చారు. మే సోమవారం, తర్వాత జూన్‌టీన్త్, తర్వాత జూలై నాలుగు. చేర్చి ఇంకా ఎన్నో ఏళ్ళు కాలేదు. చివరి రోజు ఇది పడితే గడువు మర్నాటికి వెళ్తుంది. రేపు శుక్రవారం. రేపు ఇవ్వొచ్చే నువ్వు!"

వెర్నెల్ ఫోను లాక్కుంది. చదివింది. పైకి జరిపి అది నిజంగా కోర్టు పేజీయేనా కాదా అని చూసింది. మళ్ళీ చదివింది. "ఇది మన కోర్టుకి కూడానా?"

"ఫెడరల్ కోర్టులన్నిటికీ."

"తర్వాత కాదనరు కదా?"

"నేను జడ్జినేంటే! రాసినదైతే ఇదీ."

సంతోషపడాలి. గుండె మీంచి బండ దించినట్టే ఉంది, నిజమే. కానీ వెర్నెల్ చూపు ఫోను మీంచి తలుపు మీది కాగితం మీదికి, అక్కణ్ణించి చేతిలో కవరు మీదికి వెళ్ళింది. మొహం వేడెక్కింది. అది సిగ్గు. అంత పెద్ద భవనం వాళ్ళు ఆ పేరు అద్దం మీద అంటించి ఇంటికెళ్ళారు. ఆ పేరు కోసం ఉద్యోగం పోగొట్టుకున్న తను మాత్రం ఐదు పేజీల్లో ఒక్కచోట కూడా రాయకుండా జాగ్రత్తపడింది. దొంగసొమ్ము దాచుకున్నట్టు దాచింది.

"వదినా, నీ దగ్గర పెన్నుందా?"

---

పార్కుకి తిరిగొచ్చి, బల్ల మీద ఒక మూల ప్లేట్లు పక్కకి నెట్టి, తుడిచి కూర్చుంది. లైబ్రరీ లేదు, కంప్యూటరు లేదు. జెనోబియా ఎక్కణ్ణించో గీతల కాగితం సంపాదించింది. వెర్నెల్ రెండో పేజీ తీసి పక్కన పెట్టి, దాని బదులు చేత్తో రాయడం మొదలుపెట్టింది.

ఆల్సీడ్ పొయ్యి దగ్గర్నుంచి రెండుసార్లు చూశాడు. మూడోసారి వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. వద్దంటాడేమో అనుకుంది. అంటే ఈసారి వినదల్చుకోలేదు.

"రిఫైనరీలో చేరిన కొత్తల్లో నేనూ ఈ రోజుకి సెలవు అడిగానే" అన్నాడు ఆయన. "పేరు పెట్టే అడిగాను. ఫోర్‌మన్ పదిమంది ముందు అడిగాడు, ‘విడుదలై నూరేళ్ళు దాటింది కదరా, ఇంకా సంబరం తీరలేదా’ అని. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను." చేతికంటిన మసి చూసుకున్నాడు. "నవ్వానే. దాని తర్వాత రిటైరయ్యేదాకా ఆ రోజుకి ఏటా జ్వరమో, కడుపునొప్పో. నీకు కూడా అదే నేర్పాను. నువ్వు వినకుండా వెళ్ళి పేరు పెట్టి అడిగావు. అడిగినప్పుడు నాకు కోపం వచ్చింది. నీ మీద కాదని ఇప్పుడు తెలుస్తోంది."

వెర్నెల్ ఆయన చెయ్యి పట్టుకుంది. మసి అంటుకుంది.

"కాగితానికి అంటిస్తావు, తుడుచుకో" అన్నాడు. "రాయి. గొలుసుకట్టుగా కాదు, విడివిడిగా రాయి. జడ్జికి అర్థం కావాలి."

ఆమె రాసింది. జూన్ పంతొమ్మిది మా ఇంట్లో కార్యక్రమం కాదు, మా వాళ్ళకి విడుదల కబురు అందిన రోజు. ఆ మాటే చెప్పి షిఫ్టు మార్చుకున్నాను. ఆ మాట విన్నాకే మిసెస్ హాల్‌బ్రుక్ నా పేరు కొట్టేసింది. వేటకెళ్ళేవాళ్ళ పేర్లు ఎప్పుడూ కొట్టేయలేదు. మొదటి కాగితంలో ఇది రాయకపోవడం భయం వల్ల. దావాని సరిచేసి మళ్ళీ రాసుకునే అవకాశం ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. ‘భయం వల్ల’ అన్న మాట దగ్గర పెన్ను చాలాసేపు ఆగింది. తర్వాత ముందుకెళ్ళింది.

---

శుక్రవారం తెల్లవారుతూనే వాన. సముద్రం మీంచి వచ్చే జూన్ వాన సంగతి ఎవరికి తెలీదు, రోడ్డు కాలవైపోయింది. ఆల్సీడ్ ట్రక్కు పాకుతున్నట్టు వెళ్తోంది. వెర్నెల్ కాగితాలని బ్రెడ్డు సంచిలో చుట్టి, రెయిన్‌కోటు లోపల పొట్టకి ఆనించి పట్టుకుంది.

తలుపు తెరిచే ఉంది. నిన్నటి కాగితం తీసేశారు. కౌంటరు వెనక కళ్ళజోడు కుర్రాడు కాగితాలు అందుకుని పేజీలు తిరగేశాడు. చేతిరాత పేజీ దగ్గర ఆగాడు.

"ఇదొక్కటి చేత్తో రాశారు. టైపు చేసి తెస్తానంటే సాయంత్రం దాకా టైముందమ్మా."

"అలాగే ఉండనీ బాబూ. ఇవాళ ఇస్తే... ఆలస్యం అయినట్టు కాదు కదా?"

"కాదండీ. నిన్న సెలవు." అతను అంత మామూలుగా అనేసి ముద్ర తీసుకున్నాడు.

"ఆగు ఆగు!" అంది వెర్నెల్. కౌంటరు చెక్కకి అడ్డంగా చెయ్యి పెట్టేసింది. కుర్రాడు ఉలిక్కిపడ్డాడు. ఆమె ఐదో పేజీ తనవైపు తిప్పుకుంది. చివరి పేరాలో, సంతకానికి పైన, టైపు అక్షరాల్లో ఇంకా కూర్చునే ఉంది ‘కుటుంబ కార్యక్రమం’. నిన్న దీన్ని చూసుకోలేదు.

"పెన్ను ఇస్తావా?"

దారం కట్టిన పెన్ను ఆమె ముందుకి జరిపాడు. ఆ మాట మీద గీత కొట్టింది. పైన ఖాళీ తక్కువగా ఉంది. ఆ ఇరుకులోనే, విడివిడి అక్షరాల్లో, జూన్‌టీన్త్ అని రాసి పక్కన పొడి అక్షరాలతో సంతకం పెట్టింది. చోటు చాలక చివరి అక్షరం కిందికి జారింది.

"ఇప్పుడు కొట్టు" అంది.

ముద్ర పడింది. కుర్రాడు ఆమె కోసం ఒక ప్రతి తీసి, దాని మీద కూడా కొట్టి ఇచ్చాడు. ఆల్సీడ్ టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు, ఎవరూ తీయమనలేదు.

ట్రక్కులో కూర్చున్నాక చాలాసేపు తాళం తిప్పలేదు ఆయన. వాన అద్దం మీద ధారగా కారుతోంది.

"జడ్జి ఒప్పుకుంటాడంటావా అన్నయ్యా?"

"ఏమో. ఒప్పుకోకపోవచ్చు."

"నాకు చాలా భయంగా ఉంది."

"నాకూ భయంగానే ఉందే" అన్నాడు ఆల్సీడ్. ఆమె ఒళ్ళోంచి ముద్ర పడిన ప్రతిని తీసుకున్నాడు. జేబులు తడుముకుని కళ్ళజోడు పెట్టుకున్నాడు. మొదటి పేజీ నుంచి, ఒక్క ముక్క వదలకుండా, గొంతు తగ్గించకుండా, పైకి చదవడం మొదలుపెట్టాడు.